చిత్రశాలలూ – ప్రజలూ

చిత్రాన్ని గురించి రాసేవారు మనలో కొద్దిమందైనా ఉన్నారు. చిత్రశాలను గురించి రాసేవారు దాదాపు లేరు. చిత్రకారుడు ఏ వస్తువును తీసుకున్నాడు, ఏ రూపంలో చెప్పాడు, అతని దృక్పథం ఏ వర్గానికి తోడ్పడుతున్నది అని విచారిస్తాము. కాని ఆ చిత్రం ఏ గోడకు వేలాడుతున్నది, ఆ గోడ ఎవరిది, ఆ గది తలుపు ఏ వేళకు తెరుస్తారు, ఆ వేళకు ఎవరు రాగలరు, వచ్చినవాడికి సందేహం కలిగితే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలను విమర్శకు సంబంధం లేనివిగా వదిలివేస్తాము. సాహిత్యం విషయంలో మనం ఈ పొరపాటు చేయలేదు. పుస్తకం వెల, పల్లెకు గ్రంథాలయం, చదువురాని పాఠకుడు – ఇవన్నీ సాహిత్య సమస్యలేనని గ్రంథాలయోద్యమ కాలం నుండీ మనవారు గుర్తించారు. చిత్రకళ దగ్గరకు వచ్చేసరికి మాత్రం బొమ్మ ఒక్కటే మన కంటికి కనిపిస్తుంది. ఆ బొమ్మకూ మనిషికీ నడుమ ఉన్న గుమ్మం కనిపించదు.

ఆ గుమ్మాన్ని నేను మొదటిసారి చూచింది నా విద్యార్థుల కళ్ళతో. నేను జడ్చర్లలో తెలుగు బోధిస్తున్నాను. హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. నగరం ఎనభై కిలోమీటర్లకు కాస్త పైన. మా విద్యార్థులలో చాలామంది తల్లిదండ్రులకు ఆ నగరం కొత్త కాదు. పాలమూరు కూలి అన్న మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన ప్రతిచోటా తెలిసినదే. గుంపు మేస్త్రి ఇచ్చిన బయానా తీసుకుని, పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి, నెలల తరబడి మట్టి మోయడానికి పోయినవారి బిడ్డలు ఇప్పుడు మా తరగతిలో ప్రబంధ కవుల వర్ణనలు చదువుతున్నారు. వర్ణన అంటే ఏమిటో కంటితో చూపించాలన్న ఉద్దేశంతో ఒక ఏడాది వారిని వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక ప్రైవేటు చిత్రశాలకు పోయాను.

మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ప్రవేశం ఉచితమని తలుపు మీద రాసే ఉన్నది. అయినా పిల్లల్లో సగం మంది గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. గుడి ముందర విడిచినట్లు, దొర గడి ముందర వాళ్ళ తాతలు విడిచినట్లు. వేసుకుని రమ్మని నేను చెప్పవలసి వచ్చింది. లోపల చల్లగా ఉన్నది, నిశ్శబ్దంగా ఉన్నది. బొమ్మ కింద అంటించిన చీటీలు ఇంగ్లీషులో ఉన్నవి. వాటిలో చిత్రం పేరు, రంగుల రకం, కొలతలు ఉన్నవి. కొన్నింటి పక్కన ఎర్రని చుక్క అంటించి ఉన్నది. అదేమిటని ఒక కుర్రవాడు అడిగితే అమ్ముడుపోయిందనడానికి గుర్తు అని చెప్పాను. ఆ గదిలో ఆ రోజున నేను చెప్పగలిగిన జవాబు అదొక్కటే.

ఒక బొమ్మ ముందు ఒక అమ్మాయి చాలాసేపు నిలబడ్డది. తెలంగాణ పల్లె స్త్రీలు, నిండు రంగులు, పెద్ద బొట్లు, చేతి నిండా గాజులు. ఆమె నాతో మెల్లగా అన్నది: “వీళ్ళ చేతులల్ల కాయలు లేవు సార్.”

నాకు ఎంతో సంతోషం కలిగింది. ఇదే కదా మనం కోరే విమర్శ, శ్రామికుని బిడ్డ శ్రామిక దృష్టితో చూచింది కదా అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుని మురిసిపోయాను. తరువాత ఆలోచిస్తే నా సంతోషంలో ఒక సోమరితనం ఉన్నదని తోచింది. చిత్రకారుడు అరచేతిలో కాయలు గీయకపోవడం దానంతట అదే నేరం కాదు. కూలి స్త్రీని నిండుగా, గంభీరంగా, రాణివలె నిలబెట్టాలన్నది అతని సంకల్పం కావచ్చు. అదీ ఒక పక్షమే. లేదా, కొనేవాడి ఇంటి గోడకు కాయలు కాచిన చేయి నప్పదన్న లెక్క కావచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవాలంటే ఆ అమ్మాయి ప్రశ్న ఎవరికైనా వినపడాలి. చిత్రకారుడికి గాని, ఆ బొమ్మలను ఎన్నిక చేసి వేలాడదీసినవారికి గాని, పక్కన నిలబడి చూస్తున్న మరొక ప్రేక్షకుడికి గాని. అక్కడ ఎవరూ లేరు. ప్రశ్న పుట్టింది, నా చెవిలో పడింది, అక్కడే ఆగిపోయింది. ఆ చిత్రశాల లోపం ఆ బొమ్మలో కంటే ఇక్కడ ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం.

ఈ మాట అంటే కొందరు మిత్రులు ఒక వాదం తెస్తారు. ప్రజలకు చిత్రకళ మీద అభిరుచి లేదు, తలుపులు తెరిచినా రారు, వచ్చినా చూడరు అని. ఈ వాదం అబద్ధమని చెప్పడానికి హైదరాబాదులోనే సాక్ష్యం ఉన్నది. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు ఏ సెలవురోజున పోయినా పల్లెల నుండి వచ్చిన జనం కనిపిస్తారు. చంకలో పిల్లలు, చేతిలో సద్దిమూటలు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో వారసులు లేకుండా మరణించాడు. ఆయన దివాన్ దేవిడీలో పోగుచేసిన సంపదను 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రజల కోసం ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. ఆనాటి నుండీ జనం వస్తూనే ఉన్నారు. అభిరుచి లేనివారు చార్జీలు పెట్టుకుని ఇంత దూరం రారు.

అయితే ఆ జనం అక్కడ ఏమి చూస్తున్నారు? ముసుగులోని రెబెక్కా అనే పాలరాతి విగ్రహం చుట్టూ నిలబడి రాయిని బట్టలాగా ఎట్లా చెక్కాడని ఆశ్చర్యపోతారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. కొనడానికి సొమ్ము ఎక్కడిది? సాలార్‌జంగ్ వంశం నిజాం రాజ్యంలోని పెద్ద జాగీర్దార్లలో ఒకటి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కోస్గి ఆ జాగీరులో ఒక తాలూకాకు కేంద్రం. జొన్న పండించిన రైతు, మగ్గం మీద చీర నేసిన సాలె కట్టిన పన్నులే ఆ ఖజానాకు చేరాయి. కనుక కోస్గి నుండి వచ్చిన ముసలమ్మ ఆ విగ్రహం ముందు పరాయిదానివలె నిలబడవలసిన పని లేదు. అందులో ఆమె పూర్వుల భాగం ఉన్నది. జాగీర్దారీ 1949లో రద్దయింది. వస్తువులు ప్రజల ఆస్తి అయినవి. కాని ఆ ఆస్తి తమ దగ్గరకు ఎట్లా వచ్చిందో ప్రజలకు చెప్పే పని మాత్రం మిగిలి ఉన్నది.

ఆ ప్రదర్శనశాలలోనే గంటల గడియారం ఉన్నది. గంటకు ముందు నుండే జనం గుమిగూడుతారు. చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఒక కమ్మరి బొమ్మ క్షణం క్షణం సుత్తి వేస్తూనే ఉంటాడు. దీనిని చూచి నవ్వేవారు ఉన్నారు. గొప్ప చిత్రాలను వదిలి జనం ఆటబొమ్మ చుట్టూ మూగుతారని ఎగతాళి చేస్తారు. నాకు ఇందులో ఎగతాళి చేయవలసింది కనిపించదు. ఆ భవనంలో జనమంతా ఒకచోట చేరి, ఒక వేళకు, కలిసి చూచేది అదొక్కటే. పక్కవాడితో మాట్లాడుతూ చూస్తారు. పిల్లలను భుజాల మీద ఎత్తుకుని చూపిస్తారు. ప్రజలు కళను ఒంటరిగా, మౌనంగా చూడడానికి అలవాటుపడినవారు కారు. కలిసి చూడడం, మాట్లాడుతూ చూడడం వారి పద్ధతి. ఆ పద్ధతి ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలంటే మన పటం కథల దగ్గరకు పోవాలి.

చేర్యాల నకాషీ పటాలు నేడు అందరికీ తెలుసు. 2007లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బైఠకఖానా గోడల మీద చట్రాలు కట్టిన ముక్కలుగా వాటిని చూస్తున్నాము. కాని పటం గోడ కోసం పుట్టింది కాదు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రని నేల మీద కథను వరుసలు వరుసలుగా గీసేవారు. మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. దానిని చుట్టగా చుట్టి భుజాన వేసుకుని కథకులు ఊరూరా తిరిగేవారు. సాయంకాలం పని ముగిసిన తరువాత పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క వరుసనే విప్పుతూ, కట్టెతో చూపిస్తూ పాడేవారు. అంటే చిత్రశాల ఊరికి నడిచి వచ్చేది. కూలివాడికి వీలైన వేళకు తెరుచుకునేది. వివరించేవాడు పక్కనే ఉండేవాడు. వినేవాడు నడుమ ఆపి అడగవచ్చు, వాదించవచ్చు, తన తాతల పేర్లు చెప్పించుకోవచ్చు. పటం పాతబడితే నీటిలో కలిపి కొత్తది గీయించుకునేవారు. గుడ్డను కాపాడడం ముఖ్యం కాదు, కథ నడవడం ముఖ్యం. నేడు మనం ‘ప్రజా కార్యక్రమం’ అని పేరుపెట్టి ఆహ్వానపత్రాలు అచ్చువేస్తున్నది ఆనాడు ప్రదర్శన నుండి విడదీయరానిదిగా ఉండేది.

ఇక్కడ ఆగి మురిసిపోవడం అభ్యుదయవాదులకు తగదు. ఆ పటం ఎవరిది? పద్మశాలీల మార్కండేయ పురాణం కూనపులివారు చెప్పాలి. మాదిగల జాంబపురాణం డక్కలివారు చెప్పాలి. చాకలివారి కథ వేరు, గౌడుల కథ వేరు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పటం, దానిని చెప్పే ఒక్కొక్క ఆశ్రిత కులం. డక్కలివారిని, అంటరానివారుగా వెలివేయబడ్డ మాదిగలు సైతం తమకంటే కిందివారుగా దూరం ఉంచిన చరిత్ర ఉన్నది. కథ చెప్పే నోరు కావాలి, ఆ మనిషి ఇంట్లోకి రాకూడదు. పటం తన కులానికి గౌరవం ఇచ్చిందన్నది నిజం. సంస్కృత పురాణాలు తక్కువ చేసిన మనిషిని అది సృష్టికి మొదటివాడిని చేసింది. కాని ఆ గౌరవాన్ని కులం గోడల లోపలే ఇచ్చింది. పాత చిత్రశాల కులానికి కట్టుబడ్డది. కొత్త చిత్రశాల, పేరుకు అందరికీ తెరిచి ఉన్నా, డబ్బున్న వర్గానికి కట్టుబడ్డది. ఒకదానిలో మాట ఉన్నది, సమానత్వం లేదు. మరొకదానిలో కాగితం మీద సమానత్వం ఉన్నది, మాట లేదు.

ఈ రెండింటి నడుమ నలిగిపోయినవాడు కళాకారుడు. మా ప్రాంతపు డక్కలి కళాకారుడు, పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పండుగ సాయన్న కథను బతికించిన గొంతు అది. 2024లో ఆయన హైదరాబాదు దగ్గర కట్టడం పనిలో రోజు కూలీగా కనిపించాడని పత్రికలు రాశాయి. కులం ఇచ్చే తిండిగింజలు పోయినవి, వాటి స్థానంలో సమాజం బాధ్యతగా చేయవలసిన ఏర్పాటు రాలేదు. బిరుదు ఒక్కరోజు సభ. కళాకారుడికి కావలసింది ఏడాది పొడవునా జీతం ఇచ్చి పిలిచే వేదిక. కార్యక్రమాలు లేని చిత్రశాల ప్రేక్షకుడికి ఎంత నష్టమో కళాకారుడికీ అంతే నష్టం.

మూడవ మార్గం కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే మరణించినప్పుడు ఆయన భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం, శిష్యులు కలిసి ఆ చిత్రాలను చెదిరిపోనీయలేదు. వాటిని ఒక్కొక్కటిగా అమ్ముకుంటే ఏ సంస్థానాధీశుల గదులలోనో ఉండేవి. రాజమండ్రిలో గోదావరి ఒడ్డున అవి నేటికీ ఒకచోట ఉన్నవి. ఆ చిత్రశాలతో పాటు చిత్రం నేర్పే బడి కూడా నడిచిందన్న విషయం మనం గుర్తుంచుకోవాలి. సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగు మాస్టరుగా పనిచేస్తూ, బోనాలూ బతుకమ్మలూ గీస్తూ, తన ఊరిలోనే లలితకళా సమితిని నెలకొల్పాడు. పేరు వచ్చిన తరువాత కూడా ఊరు విడవలేదు. హైదరాబాదు బంజారాహిల్సులో ఒక పాత ఇంటిని 2010లో లామకాన్ పేరుతో అందరి వేదికగా తెరిచారు. అక్కడ బొమ్మల ప్రదర్శన, నాటకం, పాట, రాజకీయ చర్చ ఒకే చెట్టునీడన జరుగుతున్నవి. చాయ్ తాగుతూ ఎవరైనా కూర్చోవచ్చు. ఈ మూడు ప్రయత్నాలూ గౌరవించదగినవి. రాజమండ్రి బడిని ఇచ్చింది, సిద్దిపేట సొంత ఊరిని ఇచ్చింది, లామకాన్ చర్చను ఇచ్చింది. ఈ మూడూ ఒకచోట కలిసిన చిత్రశాల జిల్లా పట్టణంలో ఇంకా రావలసి ఉన్నది.

మా జిల్లాలో ప్రదర్శనశాల అసలు లేకపోలేదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిలో పాత శిల్పాలు ఉన్నవి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుండి తరలించి తిరిగి కట్టిన రాజరాజేశ్వరాలయం ఉన్నది. రాళ్ళకు నెంబర్లు వేసి, విప్పి, తెచ్చి, మళ్ళీ పేర్చడం గొప్ప పనే. అయితే ఆ నీటిలో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళ దేవుడికి కొత్త ఇల్లు దొరికింది, ఆ ఊళ్ళ మనుషులు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. గుడి ఏ శతాబ్దానిదో చెప్పడం సులభం. ఆ గుడి ముందర ఒక్క సాయంకాలం ముంపు గ్రామాల వృద్ధులను కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఆ రాళ్ళు చూచేవారికి వేరుగా కనిపిస్తాయి. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. రెండు జంపఖానాలు, ఒక మైకు చాలు.

మేము కూడా మా చేతనైనంతలో ఒక ప్రయత్నం చేశాము. దానిని దాచకుండా చెప్పడం మంచిది, ఎందుకంటే అందులో మా తప్పే ఎక్కువ ఉన్నది. జడ్చర్లలో, బాదేపల్లి మార్కెట్టు యార్డుకు దూరం కాని ఒక వరండాలో రెండు రోజులు నకళ్ళ ప్రదర్శన పెట్టాము. అసలు చిత్రాలు మాకు ఎవరు ఇస్తారు? అందుకని చిత్తప్రసాద్‌ను ఎన్నుకున్నాము. 1943 బెంగాల్ కరువులో మిడ్నపూరు పల్లెలు తిరిగి ఆయన గీసిన సిరా బొమ్మలను ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకంగా వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుని నాశనం చేసింది. తరువాత ఆయన లినోలియం మీద చెక్కి అచ్చు తీసే పద్ధతిని విస్తారంగా వాడాడు. ఒక్క చెక్కడం నుండి వందల ప్రతులు వస్తాయి. ప్రతి ఒక్కటీ అసలే. ధనికుడి గోడకు ఒక్కటే బొమ్మ అన్న సూత్రాన్ని ఆ పద్ధతి దెబ్బతీస్తుంది. వాటి పక్కన చేర్యాల పటాల ఛాయాచిత్రాలు, మా ఊరికి దగ్గరలోని ఆల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన పాత జైన ఆలయం గొల్లత్తగుడి ఫొటోలు, విద్యార్థులు గీసిన బొమ్మలు పెట్టాము.

బొమ్మల కింద చీటీలు నేనే రాశాను, తెలుగులోనే రాశాను. ఇంగ్లీషు చీటీలను విమర్శించినవాడిని కదా! మొదటిరోజు సాయంకాలం యార్డు నుండి ఒక పెద్దమనిషి వచ్చాడు. హమాలీ, భుజం మీద తువ్వాల. డొక్కలు ఎండిన తల్లీబిడ్డల బొమ్మ ముందు నిలబడి, చదువుకునే పిల్లవాడిని పిలిచి, “ఏం రాసిండ్రు బిడ్డా?” అని అడిగాడు. వాడు చదివాడు: “సామ్రాజ్యవాద దోపిడీ వ్యవస్థ సృష్టించిన క్షామానికి వాస్తవికతావాద చిత్రణ.” పెద్దమనిషి తల ఊపి, “మంచిగుంది” అని ముందుకు కదిలాడు. నా చీటీ కూడా ఒక గుమ్మమేనని అప్పుడు అర్థమయింది. అతడు మర్యాదగా చెప్పులు విడిచినంత పని చేశాడు.

అప్పుడు ఆ విద్యార్థి, చిత్రశాలలో కాయల సంగతి చెప్పిన అమ్మాయి, ఇద్దరూ కలిసి అతన్ని మళ్ళీ పిలిచారు. చీటీ వదిలి నోటితో చెప్పారు. యుద్ధం వచ్చిందనీ, ధాన్యం వ్యాపారుల గోదాముల్లో దాచారనీ, ధర పెరిగిందనీ, పడవలు లాక్కున్నారనీ, లక్షల మంది చచ్చిపోయారనీ చెప్పారు. “గీ బొమ్మ గీసినాయన వాళ్ళకు బువ్వ పెట్టిండా?” అని అతడు అడిగాడు. ఆ ప్రశ్నకు మావాళ్ళు తడబడ్డారు. నేనూ తడబడ్డాను. కళ ప్రయోజనాన్ని గురించి మనం నడిపిన వాదాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నవి. చివరికి ఆ అమ్మాయి అన్నది: “పెట్టలేకపోయిండు పెద్దనాయినా, కని ఎవరు గుంజుకున్నరో గీసిండు. గందుకే సర్కారు కాలవెట్టింది.” అతడు బొమ్మను మళ్ళీ చూచాడు. కరువు కాలంలో తమ ఊరి అంబలి కేంద్రం ముందు చెంబులు పట్టుకుని వరుసలో నిలబడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఊరు సగం బొంబాయికి పోయిందన్నాడు. నలుగురు చేరారు. వారిలో ఒకరు అతని మాటకు అడ్డం వచ్చి తమ ఊరి సంగతి చెప్పారు. వరండా నిండింది. నా దృష్టిలో ప్రదర్శన అప్పుడు ప్రారంభమైంది.

రెండవరోజు చీటీలన్నీ తీసివేసి, ఒక్కొక్క బొమ్మ పక్కన ఒక్కొక్క విద్యార్థిని నిలబెట్టాము. మార్కెట్టు పని ముగిసేదాకా, చీకటి పడిన తరువాత కూడా దీపాలు ఉంచాము. వచ్చినవారు చెప్పిన మాటలను పిల్లలు నోటుపుస్తకాలలో రాసుకున్నారు. గొల్లత్తగుడి ఫొటో ముందు ఒక తాపీమేస్త్రి ఇటుకల పేర్పును వివరిస్తే, ఇన్నేళ్ళుగా ఆ గుడిని సాహిత్య చరిత్ర పాఠంలో ఒక్క వాక్యంగా చెప్పి దాటిపోయిన నేను విద్యార్థినై విన్నాను. ఇదేదో గొప్ప విజయమని చెప్పను. రెండు రోజుల తరువాత గోడ మళ్ళీ ఖాళీ అయింది. వచ్చినవారిలో స్త్రీలు తక్కువ, యార్డులో పనిచేసే స్త్రీలు మరీ తక్కువ. వారికి పని తరువాత ఇంట్లో పని ఉన్నది. ఆ వేళను ఎట్లా సాధించాలో మేము ఇంకా ఆలోచించలేదు.

కాని ఈ అనుభవం నుండి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. ప్రతి జిల్లా పట్టణంలో ప్రజల చిత్రశాల ఒకటి కావాలని మనం కోరాలి. కోరినప్పుడు భవనం ఒక్కటే కోరి ఊరుకోరాదు. అది పని ముగిసిన వేళకు తెరిచి ఉండాలి. అందులో బొమ్మ పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. పటం కథకులను కులం ఆశ్రితులుగా కాక, కళాకారులుగా, బోధకులుగా నియమించాలి. ఒక కులం కథను అన్ని కులాలవారూ ఒకే చాప మీద కూర్చుని వినాలి. నగరంలోని ప్రభుత్వ సంగ్రహాల నకళ్ళు ఏటా జిల్లాలకు రావాలి. అంతవరకు కాలేజీ వరండాలు, సంఘాల కార్యాలయాలు, మార్కెట్టు యార్డు గోడలు మన చిత్రశాలలు కావాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు పూనుకుంటే ఇది రేపే మొదలుపెట్టగల పని.

మన చీటీలను మాత్రం మనం తిరిగి రాసుకోవాలి. ప్రజల పక్షాన మాట్లాడుతున్నామన్న ధీమాతో ప్రజలకు అర్థం కాని మాట రాస్తే, ఎర్రచుక్క అంటించినవారికీ మనకూ తేడా ఏముంటుంది? ఆ పెద్దమనిషి ‘మంచిగుంది’ అని కదిలిపోయినప్పుడు మనం ఓడిపోయాము. ‘బువ్వ పెట్టిండా’ అని అడిగినప్పుడు గెలిచాము.